క్యాటలాగు చూచి కొన్న ఇండ్లు

ఇల్లు రైలులో వచ్చునా యని పిల్లలు నవ్వుదురు. అమెరికాలో సియర్స్ రోబక్ కంపెనీ 1908 మొదలు 1940 వరకు క్యాటలాగు ద్వారా ఇండ్లనే విక్రయించెను. కలప, మేకులు, రంగులు, కట్టు విధము తెలుపు పుస్తకము రైలుపెట్టెలలో వచ్చెడివి. ఇట్టి ఇండ్లు సుమారు 70,000 అమ్ముడైనవని అంచనా. అమ్మకపు లెక్కలు మాత్రము మిగులలేదు. కావున నేడు ఇల్లమ్మువాడు “ఇది సియర్స్ ఇల్లు” అనినంతమాత్రమున నమ్మరాదు. ఆ పేరు గిరాకి తెచ్చును గదా! నేలమాళిగలోని దూలములపై అక్షరము, అంకెలు గల ముద్రను వెదకవలెను. అదియొక్కటియే చాలదు, అలాడిన్ మొదలగు కంపెనీలును ఇండ్లనమ్మినవి. తొలి సంవత్సరములలో కలపను కొలతకు కోసి పంపలేదు గనుక ముద్ర లేని నిజమైన ఇండ్లును కలవు. పాత క్యాటలాగులోని పటముతో గదుల కొలతలు, కిటికీల తావులు సరిచూడవలెను. కంపెనీ అప్పిచ్చి వ్రాయించుకొన్న తాకట్టు పత్రము దస్తావేజులలో దొరకినచో అంతకు మించిన సాక్ష్యము లేదు.