నాన్న వచ్చేదాకా ఫోనే తోడు

ప్రశ్న: మాది ఎల్బీ నగర్. మావారు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులో పనిచేస్తారు. షాపు కట్టేసి మెట్రోలో ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర. ఐదో తరగతి చదివే మా బాబు ఆయన వచ్చేదాకా పడుకోడు, షార్ట్స్ చూస్తుంటాడు. ఆయన వచ్చాక ఇద్దరూ క్రికెట్ వీడియోలు పెట్టుకుంటారు. పడుకునేసరికి పన్నెండు. పొద్దున ఆరున్నరకు ఏడుస్తూ లేస్తాడు. క్లాసులో కునుకు తీస్తున్నాడని టీచర్ డైరీలో రాశారు. ఫోన్ లాక్కుంటే ఒకటే గోల.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ‘ఆయన వచ్చేదాకా పడుకోడు’ అన్న దగ్గరే ఆగిపోయాను. మీవాడికి ముందు కావలసింది నాన్న. ఎదురుచూసే ఆ సమయం గడవడానికి ఫోన్ దొరికింది. ఊరికే లాక్కుంటే గోల చేయక ఏం చేస్తాడు?

అలాగని వదిలేసే విషయం కాదు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. మీవాడికి దక్కుతున్నది ఆరున్నరే. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరి, రాత్రయిందని ఒంటికి చెబుతుంది. తెర నుంచి వచ్చే నీలికాంతి దాన్ని సరిగా ఊరనివ్వదు. పిల్లల కంటిపాప పెద్దది, లోపలి కటకం తేటగా ఉంటుంది. అందుకే పెద్దల మీద కంటే వాళ్ల మీద ఆ వెలుగు ప్రభావం ఎక్కువ. నైట్ మోడ్ పెట్టామని ధీమా పడకండి. వెలుగు తగ్గినా వీడియో వెంట వీడియో వస్తుంటే మనసు నెమ్మదించదు.

నాన్నతో గడిపే సమయాన్ని పొద్దుటికి మార్చండి. లేపడం, టిఫిన్ తినిపించడం, వ్యాన్ ఎక్కించడం ఆయన పని. ఆ కాస్త ఎండలో నడిస్తే రాత్రి నిద్ర కూడా వేళకు వస్తుంది. రాత్రి ఎనిమిదింటికి షాపు నుంచి ఐదు నిమిషాలు ఫోన్ చేయమనండి, మాటలే, వీడియో వద్దు. తర్వాత ఇంట్లో ఫోన్లన్నీ వంటింట్లో ఛార్జింగ్‌కి, మీది కూడా. వాట్సాప్‌లో వచ్చే హోంవర్క్ సాయంత్రమే నోట్‌బుక్‌లో రాయించేయండి. పడుకునే వేళను ఒక్కసారిగా కాకుండా రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరుపుతూ తొమ్మిదికి తీసుకురండి. ఆదివారం కూడా మరీ ఆలస్యంగా లేవనివ్వకండి. మొదట్లో మారాం తప్పదు. మీ ఇద్దరిదీ ఒకే మాటగా ఉండాలి.

నెల రోజులకీ పగటి మత్తు తగ్గకపోయినా, నిద్రలో గురక పెడుతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ వాచినా నిద్ర చెడుతుంది.

ప్రశ్న: ఏడాదిన్నర మనవరాలు ఫోన్లో పాటలు పెడితేగానీ పడుకోదు. పరవాలేదా?
- ఒక నానమ్మ, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ వయసుకు అసలు తెరే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అవే పాటలు దీపం తగ్గించి మీరు పాడండి. గొంతు బాగాలేదనుకోకండి, పాపకు మీ గొంతే అలవాటు. నాలుగైదు రాత్రులు ఏడుస్తుంది. అప్పుడు భుజం మీద వేసుకుని జోకొట్టండి.