పెట్టెలోని ఈగ, కొండమీది ఈగ

భద్రాచలం అడవి అంచున తేనెటీగల పెంపకం నేర్చుకోబూనిన చిరంజీవికి శుభాశీస్సులు.

తేనెటీగల పెంపకం అనగానే తేనె సీసా కళ్లముందు మెదలడం సహజమే గాని, ఈ విద్యను ప్రపంచం ఇప్పుడు గౌరవిస్తున్నది తేనె కోసం కాదు, ఈగ పూవు నుంచి పూవుకు మోసే పుప్పొడి కోసం. ఒక పూవులోని పుప్పొడి మరొక పూవు కీలాగ్రాన్ని చేరి, కాయ కట్టడానికి దారితీసే ఈ క్రియను పరాగసంపర్కం అంటారు. జీవవైవిధ్యంపై అధ్యయనం చేసే అంతర్జాతీయ వేదిక 2016లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచంలోని ప్రధాన ఆహార పంటల రకాలలో సుమారు 75 శాతం ఎంతో కొంత కీటకాలు, పక్షులు, జంతువులు చేసే పరాగసంపర్కం మీద ఆధారపడి ఉన్నాయి; అయితే దిగుబడి పరిమాణాన్ని లెక్కిస్తే ఆ వాటా 35 శాతమే. ఈ రెండు అంకెల మధ్య తేడాను చిరంజీవి తొందరపడి దాటిపోరాదు. వరి తనంతట తానే గింజ కడుతుంది, మొక్కజొన్నకు గాలి చాలు, కనుక ఈగ లేనంత మాత్రాన అన్నం కరువుకాదు. కరువయ్యేవి పండ్లు, కూరగాయలు, నూనెగింజలు, అంటే కడుపు నింపేవాటికన్నా ఒంటికి పుష్టినిచ్చేవి. ఈగలు నశిస్తే నాలుగేళ్లలో మానవజాతి అంతమవుతుందని ఐన్‌స్టీన్ పేరు మీద తిరిగే మాటకు ఆధారం లేదు. ఉన్న నిజమే తగినంత బరువైనది.

ఖమ్మం వైపు పొలాలకు ఈ లెక్కను అన్వయించినపుడు కొన్ని భ్రమలు తొలగుతాయి. అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతాలలో విస్తరించిన ఆయిల్‌పామ్ తోటలకు తేనెటీగతో దాదాపు పనిలేదు. ఆ చెట్టుకు ఆఫ్రికా మూలానికి చెందిన ఒక చిన్న ముక్కుపురుగు పరాగసంపర్కం చేస్తుంది, దానిని 1985లో కేరళకు తెచ్చి తోటలలో వదిలారు. మిరప, పత్తి చాలావరకు సొంతంగానే కాయగలవు, ఈగ వాలితే కాపు మెరుగవుతుంది. ఆడపూవు, మగపూవు వేరువేరుగా పూసే సొర, బీర, గుమ్మడి పాదులకు మాత్రం ఈగ వంటి కీటకం రాకుంటే పిందె నిలవదు. ఇక్కడి చిక్కు ఏమంటే, ఈగకు అంతగా రుణపడని మిరప, పత్తి చేలలోనే పురుగుమందుల పిచికారీ అధికం, ఆ విషం తగిలేది పక్కనున్న బీరపాదుకు వెళ్లవలసిన ఈగకు. ఇమిడాక్లోప్రిడ్ సహా మూడు పురుగుమందులను ఆరుబయట పంటలకు వాడడాన్ని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. అంతటి నిషేధం లేని చోట, పూత సమయంలో మందు కొట్టక తప్పనప్పుడు ఈగలు గూటికి చేరిన సాయంత్రం కొట్టమని పొరుగు రైతును ఒప్పించడం కూడా పెంపకందారు పనిలో భాగమే.

ఏ ఈగను పెంచాలన్నది ఈ విద్యలో మొదటి ప్రశ్న. ఎత్తైన చెట్లకు, రాతి చరియలకు ఒకే ఒక పెద్ద పట్టును బాహాటంగా వేలాడదీసే కొండ తేనెటీగ పెట్టెలో నిలవదు. పూతను వెతుక్కుంటూ ఋతువును బట్టి వలస పోతుంది. చెట్టు తొర్రలలో, పుట్టలలో చీకటి చూసుకొని అనేక పట్లు వరుసగా కట్టే దేశవాళీ పుట్ట ఈగ పెట్టెకు ఒదుగుతుంది. పట్టుకూ పట్టుకూ మధ్య ఈగ నడవడానికి వదిలే సందును అమెరికాకు చెందిన లాంగ్‌స్ట్రాత్ 1851లో గుర్తించడం వల్లనే, పట్టు చితకకుండా పైకి తీయగల చట్రాల పెట్టె సాధ్యమైంది; తిరుచిరాపల్లి ప్రాంతంలో ఫాదర్ న్యూటన్ ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో ఆ పెట్టెను దేశవాళీ ఈగ ఒడ్డూపొడవులకు తగినట్టు చిన్నదిగా మలిచాడు. 1962లో అప్పటి పంజాబులోని నగ్రోటాలో స్థిరపడిన ఐరోపా ఈగ తేనె ఎక్కువ ఇస్తుంది, వ్యాపారులకు అందుకే ఇష్టం. అయితే మందలుగా పెట్టెలు తెచ్చి అడవి పక్కన దించితే, అదే పూతపై బతికే అడవి ఈగలకు పోటీతోపాటు రోగాలు సంక్రమించే ముప్పు కూడా ఉంటుంది. రోగమంటే ఏమిటో దక్షిణ భారతం ఇదివరకే చూసింది: థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ 1991 తర్వాత వ్యాపించి, దేశవాళీ ఈగల పెట్టెలను లెక్కలేనన్నిటిని ఖాళీ చేసింది. అందుచేత భద్రాచలం అంచున ఐదారు దేశవాళీ పెట్టెలతో మొదలుపెట్టడమే వివేకం.

పెట్టె పట్టని కొండ ఈగను కాపాడడం కూడా పెంపకమే అనడం కొందరికి అతిశయోక్తిగా తోచవచ్చు, కాని ఈ అడవిలో అదే పెద్ద పని. కోయ, కొండరెడ్డి కుటుంబాలు తరతరాలుగా తీస్తున్న ఆ తేనెను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తూ వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనెను, మైనాన్ని చిన్నతరహా అటవీ ఫలసాయంగా గుర్తించింది. కాగడాతో ఈగలను కాల్చి, పట్టు మొత్తాన్ని కోసి, పిల్లపురుగులతో సహా పిండే పాత పద్ధతిలో ఆ గూడు ఆ ఏటితో ముగుస్తుంది, తేనె కూడా త్వరగా పులుస్తుంది. కొండ ఈగ తేనెను పట్టు పైభాగంలో, కొమ్మకు అంటిన చోట దాస్తుంది, పిల్లలను కింద పెంచుతుంది. ఈ అమరిక ఎరిగి, పొగతో ఈగలను పక్కకు జరిపి, తేనె ఉన్న మేరకే కోసి, పిండకుండా వడగట్టే పద్ధతిని విశాఖపట్నానికి చెందిన కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు గిరిజనులకు నేర్పుతున్నాయి. అలా బతికిన గూటి ఈగలే నేరేడు, కానుగ, వేప పూతపై వాలి, అడవికి రేపటి విత్తనాన్ని సమకూరుస్తాయి. 2014లో తెలంగాణ ఏర్పడి, కూనవరం, చింతూరు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో ఈ అడవి మధ్య రాష్ట్రాల సరిహద్దు గీత పడింది, సహకార సంస్థ కూడా రెండైంది. ఈగకు మాత్రం ఆ గీత తెలియదు.

చిరంజీవి తొలి ఏడాది తేనె ఆశ పెట్టుకోకుండా, పెట్టె కాళ్లను నీటి గిన్నెలలో నిలిపి చీమలను ఆపడం, వానాకాలంలో పూత తగ్గినపుడు చక్కెర పాకం అందించడం, రాణి ఈగ గుడ్లు పెడుతున్నదో లేదో చట్రం ఎత్తి చూడడం అలవరచుకోవలెను. ఊరి పెద్ద చెట్టుకు కొండ ఈగ ఏ నెలలో వచ్చి చేరినది, ఏ నెలలో లేచిపోయినది ఏటేటా ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోవలెను. ఎండలు, వానలు గతి తప్పుతున్న కాలంలో అలాంటి పదేళ్ల పట్టిక ఈ ప్రాంతానికి ఎంతైనా అవసరం.

ఇట్లు,
ఆశీస్సులతో