గోధుమ గిట్టని దేహం: సీలియాక్ వ్యాధి

కోట్లాది మందికి బలమిచ్చే గోధుమ కొందరి దేహానికి మాత్రం గిట్టదు. వారికి కలిగే రుగ్మతయే సీలియాక్ వ్యాధి. వరి, జొన్నలను నమ్ముకొని పెరిగిన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలవారికి ఈ పేరు కొత్తగా తోచవచ్చు. ఆ కొత్తదనమే అసలు ప్రమాదం. పేరెరుగని వ్యాధిని అనుమానించేవారుండరు.

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉన్నది. రొట్టెపిండి సాగడానికి కారణమిదే. జన్యుపరమైన అనుకూలత గల కొందరిలో దేహరక్షణ వ్యవస్థ గ్లూటెన్‌ను శత్రువుగా ఎంచి, ఆ పోరులో తన చిన్నప్రేవులనే గాయపరుస్తుంది. ప్రేవుల లోపలి గోడపై మఖమలు నూగువలె ఉండే ఆంత్రచూషకాలు అరిగి చదునవుతాయి. ఆహారసారాన్ని రక్తానికి అందించేవి అవే కనుక, ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఇది అంటువ్యాధి కాదు.

విరేచనాలు, కడుపుబ్బరం, బరువు తగ్గడం సాధారణ లక్షణాలు. కొందరికి కడుపులో ఏ బాధా ఉండదు. ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లలలో ఎదుగుదల లోపం, స్త్రీలలో గర్భస్రావం వంటి రూపాలలో వ్యాధి బయటపడుతుంది. అటువంటి బిడ్డను చూసి "సరిగా తినదు" అని నిందిస్తాము. నిజానికి ఆ బిడ్డ తింటున్నదే ఆమెను క్షీణింపజేస్తూ ఉండవచ్చు.

ఈ రహస్యాన్ని ఛేదించినవాడు డచ్చి శిశువైద్యుడు విల్లెం డికె. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1944-45 శీతకాలపు కరవులో హాలెండులో రొట్టె కరవైంది. అప్పుడు ఈ వ్యాధిగల పిల్లలు కోలుకోగా, రొట్టె తిరిగి లభించగానే వ్యాధి తిరగబెట్టింది. అంతకు ముందునుండే గోధుమను అనుమానిస్తున్న డికె, 1950లో తన సిద్ధాంతగ్రంథంలో దానిని నిరూపించాడు.

ఇది మనకు సంబంధించనిదని భావించరాదు. భారతదేశపు మూడు ప్రాంతాలలో జరిపిన ఒక పరిశోధన 2016లో వెలువడింది. దాని ప్రకారం ఉత్తరాదిన వెయ్యిమందిలో సుమారు 8 మందికి ఈ వ్యాధి ఉండగా, దక్షిణాదిన పదివేలమందిలో ఒక్కరికే కనిపించింది. అయితే వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు ఇరుప్రాంతాలలోను మూడవ వంతుకు పైగా జనులలో ఉన్నాయి. తేడా గోధుమ వాడకంలోనే ఉన్నది: అక్కడ రోజుకు సుమారు 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. నేడు మేడ్చల్ కర్మాగారాలకు, శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయానికి ఉత్తరాదివారు వస్తున్నారు. మన పళ్ళెంలోనూ పరోటా, నూడుల్స్, బిస్కట్టు పెరుగుతున్నాయి.

అనుమానం కలిగినవారు రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ ద్వారా ప్రేవుల ముక్క పరీక్ష చేయించుకోవాలి. పరీక్షకు ముందే గోధుమ మానివేస్తే వ్యాధి దాగిపోతుంది. కనుక ముందు వైద్యుని సంప్రదించాలి. రోగి తోబుట్టువులు, తల్లిదండ్రులు, సంతానం కూడ పరీక్షించుకొనడం మంచిది.

దీనికి చికిత్స జీవితాంతం గ్లూటెన్‌ను విడనాడడమే. అప్పుడు ప్రేవులు క్రమంగా మానుతాయి. అదృష్టవశాత్తు వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న నిరపాయకరాలు. అయితే ఉప్మారవ్వ, సేమియా, హలీం, సమోసా గోధుమతో చేసినవే. కూటు ఇంగువలోనూ గోధుమపిండి కలుపుతారు. గోధుమ ఆడించిన గిర్నీలోనే జొన్నలు ఆడిస్తే ఆ పిండి కలుషితమవుతుంది. "గ్లూటెన్ రహితం" అని ముద్రించిన సరుకులో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు నిబంధన.

విద్యార్థులారా! రోగికి పథ్యంకంటే కష్టమైనది మన ఆప్యాయత. దావత్‌లో, ఇఫ్తార్‌లో, హాస్టలు భోజనశాలలో "ఒక్క ముద్దకేమౌతుంది?" అని బలవంతపెట్టడం మర్యాద అనుకుంటాము. ఆ ఒక్క ముద్దే వారి ప్రేవులను తిరిగి గాయపరుస్తుంది. హాస్టలు వంటశాలలో అటువంటి విద్యార్థికి వేరు గరిటె, వేరు పెనం ఏర్పరచడం పెద్ద వ్యయం కాదు. అతిథి వద్దన్నప్పుడు మన్నించి, అతనికి హితమైన అన్నం వడ్డించడమే నిజమైన ఆతిథ్యం.