దిగులు జబ్బుకు విటమిన్లు: ఎంతవరకు పనిచేస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి



ఈరోజు పాఠం పంట గురించి కాదు, పంట పండించే మనిషి గురించి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ప్రకృతి సేద్యం చేసేవాళ్లు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మా ఇంట్లో ఒకరికి డిప్రెషన్ అని డాక్టరు మాత్రలు రాసిచ్చారు. మనం విషం లేని తిండి తింటున్నాం కదా, విటమిన్లు బాగా అందితే ఆ మాత్రలు ఆపేయొచ్చా?"

జవాబు ముందే చెప్పేస్తాను. ఆపకూడదు. అలాగని తిండికీ మనసుకూ సంబంధం లేదని కాదు. విటమిన్ లోపం వల్ల వచ్చిన దిగులు, ఆ విటమిన్ ఇస్తే తగ్గుతుంది. వేరే కారణంతో వచ్చిన దిగులుకు వేరే వైద్యం కావాలి. ఏది ఏదో తెలుసుకోవడమే ఈ పాఠం.

1. జొన్న తినేవాళ్లలో కనిపించిన జబ్బు

దీనికి మన తెలుగు నేల మీదే పెద్ద ఉదాహరణ ఉంది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలిచే పరిశోధనశాల 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు డా. సి. గోపాలన్, డా. ఎస్.జి. శ్రీకంటియా దక్కన్ పీఠభూమిలో జొన్న తప్ప మరేమీ పెద్దగా తినలేని పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బును పరిశీలించి, 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఎండ తగిలే మెడ, చేతులు, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి. దాంతోపాటు దిగులు, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ముదిరితే మతి తప్పడం. కారణం నియాసిన్, అంటే బి3 విటమిన్ లోపం. అది ఇస్తే చర్మంతో పాటు మనసూ కుదుటపడుతుంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదలకూ ఇదే గతి పట్టింది. పిచ్చాసుపత్రుల్లో చేరిన వాళ్లలో పెల్లాగ్రా రోగులూ ఉండేవారు. 1937లో నియాసిన్ సంగతి తేలాక వాళ్లు కోలుకున్నారు.

అంటే జొన్న మానేయాలా? అవసరం లేదు. ఏ ధాన్యమైనా ఒక్కటే తింటే ముప్పు. మన శరీరం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొంత నియాసిన్ తయారు చేసుకుంటుంది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ ఆ పనికి అడ్డుపడుతుందని ఆ శాస్త్రవేత్తల ప్రతిపాదన. జొన్నరొట్టెకు పప్పు, పెరుగు, శెనక్కాయల చట్నీ తోడైతే ఆ లోటు రాదు. 100 గ్రాముల వేరుశనగ గింజల్లో సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది దాదాపు 15 మిల్లీగ్రాములు. మన బుడ్డలన్నీ మార్కెట్‌కే పోకుండా ఇంట్లోకి కొన్ని మిగుల్చుకోవాలి.

2. ఫోలిక్ యాసిడ్: మన సుబ్బారావు గారి పని

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ యాసిడ్ తయారైంది. స్ప్రూకు, ఒక రకం రక్తహీనతకు అది మందు అయింది.

ఫోలేట్ తక్కువైన వాళ్లలో దిగులు ఎక్కువగా కనిపిస్తుందని తర్వాత తెలిసింది. ఆకుకూరలు, కందిబేడలు, అలసందలు, శనగల్లో ఇది బాగా ఉంటుంది. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోస్తే సగం మేలు కాలువలో పోసినట్టే.

3. బి12: మొక్కలో దొరకనిది

ఇక్కడ మనవాళ్లు జాగ్రత్తగా వినాలి. బి12 తక్కువైతే మతిమరుపు, దిగులు, అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలు వస్తాయి. జీవామృతం పోసిన నేలలోని సూక్ష్మజీవుల్లో కొన్ని బి12 తయారు చేస్తాయి, నిజమే. కానీ అది ఆకుకూర ద్వారా మనకు సరిపడా అందుతుందని నమ్ముకోవద్దు.

ఆవు సంగతి వేరు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని కోబాల్టుతో బి12 తయారు చేస్తాయి, అది పాలల్లోకి వస్తుంది. అరలీటరు పాలల్లో సుమారు 2 మైక్రోగ్రాములు ఉంటుంది. రోజుకు కావలసింది కూడా కాస్త అటూఇటూగా అంతే. ఆవును కట్టేసుకుని, పాలన్నీ కేంద్రానికి పోసేసి, ఇంట్లో నీళ్ల మజ్జిగ తాగితే ప్రయోజనం లేదు. గుడ్డు, చేప, మాంసం తినేవాళ్లకు వాటిలోనూ దొరుకుతుంది.

ఇంకో హెచ్చరిక. బి12 లోపం ఉన్నవాళ్లు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం చెడుతూనే ఉంటాయి.

4. డి విటమిన్: ఎండ ఉంది కదా?

పొలంలో పనిచేసేవాళ్లకు ఎండకు కొదవ లేదు. ధర్మవరంలో పొద్దుననగా గుంటమగ్గంలో దిగి చీకటి పడ్డాక లేచే నేతన్నకు ఆ ఎండ తగలదు. లోపం ఉంటే ఎముకలు, కండరాల కోసం సరిచేసుకోవాల్సిందే. మనసుకు మందుగా మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అమెరికాలో 50 ఏళ్లు దాటిన 18,000 మందికి పైగా జనంలో కొందరికి డి విటమిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి 5 ఏళ్లకు పైగా చూశారు. 2020లో ఫలితం వచ్చింది. డి విటమిన్ దిగులు జబ్బును ఆపలేదు.

5. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందా?

యూరియా విషయంలో మనం నేర్చుకున్న పాఠమే ఇక్కడా. నియాసిన్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. బి6 ఎక్కువ కాలం ఎక్కువగా వాడితే నరాలు చెడతాయి. డి విటమిన్ మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు. భూసార పరీక్ష లేకుండా ఎరువు వేయొద్దంటాం కదా, రక్త పరీక్ష లేకుండా పెద్ద మోతాదు విటమిన్లూ వద్దు.

6. ఎవరు పరీక్ష చేయించుకోవాలి?

- షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు
- గ్యాస్ మాత్రలు రోజూ మింగేవాళ్లు
- పాలు, గుడ్లు కూడా సరిగా తీసుకోని శాకాహారులు
- 60 ఏళ్లు దాటినవాళ్లు
- దిగులుతో పాటు తిమ్మిర్లు, నాలుక మంట, విపరీతమైన నీరసం ఉన్నవాళ్లు

బి12, హిమోగ్లోబిన్, థైరాయిడ్ మూడూ చూపించమని డాక్టరును అడగండి. థైరాయిడ్ తగ్గినా మనిషి దిగులుగానే ఉంటాడు.

7. తిండితో ఆగకూడని సమయం

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర, తిండి, పని మీద మనసు పోకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దానికి విరుద్ధంగా, నిద్ర లేకపోయినా హుషారు తగ్గక, ఆగకుండా మాట్లాడుతూ, అప్పులు తెచ్చి ఖర్చు పెడుతుంటే అది కూడా మనోవ్యాధే. దాన్ని బైపోలార్ అంటారు. ఈ జబ్బులకు వాడే మాత్రలు ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది. తగ్గించాలన్నా ఆపాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి. మాత్రలు వేసుకుంటూనే మంచి తిండి తినండి, ఒకదానికి ఒకటి అడ్డు కాదు.

"నేను ఉండి ఏం లాభం" అన్న మాట ఇంట్లో వినిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. వాన రాక, బోరు ఎండి, అప్పు మీద పడినవాడి గుండెబరువు విటమిన్ మాత్రకు దిగదు. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. ప్రకృతి సేద్యంలోకి రాకముందు కొన్న పురుగుమందు డబ్బా అటకమీద మిగిలి ఉంటే ఈరోజే ఇంట్లోంచి తీసేయండి. టెలీ మానస్ నంబరు 14416 కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. పెద్ద వైద్యం అవసరమైతే బెంగళూరు నిమ్హాన్స్ మనకు దూరమేమీ కాదు.

ఈ వారం రెండు పనులు చేయండి. ఇంట్లో ఎవరు ఏ మాత్రలు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని, పరీక్షకు వెళ్లేటప్పుడు చూపించండి. 14416 నంబరును ఇంట్లో అందరి ఫోన్లలో ఎక్కించండి.