స్వదేశమునకు మరలిన హాకీ యువకుడు

మన పాఠశాల బాలురకు హాకీ తెలియని యాట కాదు. ధ్యాన్ చంద్ పేరు వినని వారును అరుదు. కాని యిప్పుడు మేము ప్రస్తావింపబోవు హాకీ మన్నుమీద ఆడునది కాదు, గడ్డకట్టిన నీటిమీద ఆడునది. మంచుగడ్డ యనిన సోడా దుకాణములో తప్ప చూచి యెరుగని మన సీమలో దీనిని ఊహించుట సులభము కాదు. కావున కథకు ముందు ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది.

ఆటగాండ్రు పాదరక్షల క్రింద ఉక్కు పలకలు బిగించుకొని మంచుమీద జారుదురు. చెండునకు బదులు మూడంగుళముల వెడల్పును, ఒక అంగుళము మందమును గల నల్లని రబ్బరు బిళ్ల యుండును. గోలు కాపరితో కూడ ఒక్కొక్క పక్షమున ఆరుగురు మంచుపై నుందురు. ఇరువదేసి నిమిషముల భాగములు మూడు. మన హాకీకిని దీనికిని గల ముఖ్య భేదమేమనగా, గోలు కాపరి తప్ప ఇందెవ్వడును పూర్తికాలము ఆడడు. ఆ వేగమునకు ముప్పాతిక నిమిషములో ఊపిరి సన్నగిల్లును. అలసినవాడు గోడ దాటి బల్లపై కూర్చుండగా మరియొకడు మంచుపైకి దూకును. కాపరులు గాక పదునెనిమిది మంది యిట్లు వంతులు మార్చుకొందురు. వీరిలో ముందువరుసవారు ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులు. మొదటి గుంపువానికి ఒక యాటలో ఇరువది నిమిషములు దొరకవచ్చును. నాల్గవ గుంపువానికి ఎనిమిదో, తొమ్మిదో. ఎవనికెన్ని నిమిషములో నిర్ణయించువాడు శిక్షకుడు. ఈ నిమిషముల సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

రష్యనులు ఈ యాటను ఆలస్యముగా చేపట్టిరి. పూర్వము వారు మంచుమీద చెండుతో వేరొక విధమైన హాకీ ఆడుచుండిరి. ఈ కెనడా హాకీలో వారి మొదటి జాతీయ పోటీ 1946 డిసెంబరులో ప్రారంభమయ్యెను. ఎనిమిదేండ్లు నిండకమునుపే, 1954 లో, స్టాకుహోము నగరమున కెనడావారిని 7–2 గోలులతో నోడించి లోకవిజేతలైరి. కాని ఆ కాలమున వారి ఆటగాండ్రకు దేశము విడుచు స్వేచ్ఛ లేకుండెను. మాస్కోలోని సైన్యపు జట్టయిన సి.ఎస్.కె.ఎ.లో నాడువారు సైనికోద్యోగులుగా లెక్కింపబడుచుండిరి. 1989 లో అలెగ్జాండర్ మొగిల్నీ యను ఇరువదేండ్ల యువకుడు స్టాకుహోములో జట్టును రహస్యముగా విడిచి అమెరికాకు పోగా, స్వదేశమున అతనిపై సైన్యము విడిచి పారిపోయిన నేరము మోపిరి. వెడలిపోవుటయే నేరమైన దినములవి.

1991 లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట తలుపులు తెరచుకొనెను. పేరుగల ఆటగాండ్రు పలువురు సముద్రము దాటిరి. 2008 లో రష్యాలో కాంటినెంటల్ హాకీ లీగు ఏర్పడెను. దాని విజేతల కిచ్చు పాత్రకు, అంతరిక్షమున కేగిన మొదటి మానవుడు గగారిన్ పేరు పెట్టిరి. ఆ జట్లు ధనవంతములైనవి. అప్పటినుండి రష్యా బాలుని యెదుట నున్న ప్రశ్న పోవుటను గూర్చి మాత్రమే కాక, పోయి తిరిగి వచ్చుటను గూర్చియు నయ్యెను.

ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగువారి పద్ధతి యిట్టిది. ప్రతి సంవత్సరమును జట్లవారు పదునెనిమిదేండ్లు వచ్చిన బాలురను వంతుల ప్రకారము ఏరుకొందురు. ఏరుకొనబడినవాడు ఆ లీగులో ఆ జట్టుతోనే బేరమాడవలెను. 2013 నాటి ఒడంబడిక ప్రకారము క్రొత్తవాని జీతము గరిష్ఠముగా ఏడాదికి 925,000 డాలర్లు. అయితే శిక్షకుడు అతనిని క్రింది లీగునకు పంపినయెడల ఆ జీతము 70,000 కు మించకుండెను. స్వదేశమున జట్టువారు ఇంతకంటె ఎక్కువ యిత్తురు, భోజనము అలవాటైనది, భాష తల్లి నేర్పినది, అన్నిటికంటె మిన్నగా, ఆటలో నిమిషములు దొరకును. ఇట్లు మరలినవారిని ధనాశాపరులని నిందించుట కష్టము కాదు. పదునెనిమిదేండ్ల బాలుని పరభాష మాటలాడు ఊర బల్లపై కూర్చుండబెట్టినయెడల వాని కెట్లుండునో, వసతిగృహములో మొదటి నెల గడపిన మన విద్యార్థులు కొంత ఊహింపగలరు.

ఇంటికి మరలిన కుమారుడనగానే లూకా సువార్తలోని ఉపమానము తలపునకు వచ్చును. మేము ఎంత ఆలోచించినను ఆ పోలిక ఇచ్చట పొసగలేదు. ఆ కుమారుడు ఆస్తిని దుర్వ్యయము చేసి, పందుల పొట్టున కాశపడి, బుద్ధి తెచ్చుకొని మరలెను. ఈ యువకులు దేనిని పాడుచేసికొని వచ్చినవారు కారు. వారికి అచ్చట కొదువయైనది ఆటయే. పైగా ఉపమానములోని తండ్రి కుమారుని దూరమున జూచి పరుగెత్తెను. ఇచ్చటి తండ్రియగు స్వదేశపు జట్టు ముందుగా సంతకము చేయించుకొనును.

ఇట్లు మరలినవారిలో మొదట పేరు వినబడినది నికితా ఫిలాటోవ్. అతడు 1990 లో మాస్కోలో జన్మించెను. 2008 లో కొలంబస్ నగరపు జట్టువారు ఆ యేటి బాలురందరిలో ఆరవవానిగా అతని నేరుకొనిరి. 2009 జనవరిలో మిన్నెసోటా జట్టుపై ఒకే యాటలో మూడు గోలులు చేసెను. కొలంబస్ జట్టున తొలియేటివాడెవ్వడును అంతకుముందు అట్లు చేసియుండలేదు. అయినను మరుసటి యేట అతనికి దొరకిన కాలము స్వల్పము. 13 ఆటలు ఆడి, నవంబరులో సి.ఎస్.కె.ఎ.కు ఎరువు పోయెను. తరువాత కొలంబసుకు మరల వచ్చి 23 ఆటలలో ఒక్క గోలైనను చేయలేకపోయెను. 2011 లో కెనడాలోని ఒట్టావాకు మారి, 9 ఆటలాడి, డిసెంబరులో తిరిగి మాస్కో చేరెను. ఆ లీగులో అతని మొత్తము లెక్క 53 ఆటలు, 6 గోలులు. ఓపిక పట్టలేదని కొందరు, ఆడనీయలేదని కొందరు వాదింతురు. రెండును కొంత నిజమని మాకు తోచుచున్నది.

రెండవవాడు వలేరి నిచుష్కిన్. ఇతని కథ దీర్ఘమైనది. ఉరల్ పర్వతముల చెంతనున్న చెల్యాబిన్స్క్ కర్మాగారముల ఊరు. 1933 లో అచ్చట ట్రాక్టర్ల కర్మాగారము తెరవబడెను. రెండవ ప్రపంచ యుద్ధమున అందు ట్యాంకులు చేయుటచే ఆ ఊరికి ట్యాంకోగ్రాడ్ అను మారుపేరు వచ్చెను. ఆ ఊరి హాకీ జట్టు పేరును ట్రాక్టరే. నిచుష్కిన్ 1995 మార్చి 4 న ఆ ఊరనే పుట్టి, ఆ జట్టులోనే పెద్దవారితో ఆడ మొదలిడెను. ఆరడుగుల నాలుగంగుళముల పొడగరి. 2013 లో ట్రాక్టర్ జట్టు గగారిన్ పాత్రకై తుదిపోటీవరకు పోయి మాస్కో డైనమో చేతిలో ఓడెను. ఆ వేసవిలోనే టెక్సాస్ రాష్ట్రమునందలి డల్లాసువారు ఇతనిని పదవవానిగా ఏరుకొనిరి.

తొలియేట 79 ఆటలలో 14 గోలులు చేసెను. 2014 లో పదునెనిమిదేండ్లకే సోచి ఒలింపిక్ క్రీడలలో రష్యా పక్షమున ఆడెను. చెల్యాబిన్స్క్ వాడేయైన సెర్గీ గొంచార్ అను అనుభవజ్ఞుడు డల్లాసులో తోడుండుట బాలునకు మేలయ్యెను. కాని 2014 నవంబరులో గొంచార్ మాంట్రియలు జట్టునకు పంపబడెను. ఆ నెలలోనే నిచుష్కినుకు తుంటి శస్త్రచికిత్స జరిగెను. ఆ యేడు అతడాడినవి 8 ఆటలే. తరువాతి యేట కోలుకొని 79 ఆటలాడినను గోలులు తొమ్మిదింటితో నిలిచెను. 2016 సెప్టెంబరులో, ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున, డల్లాసువారితో బేరము కుదరక, సి.ఎస్.కె.ఎ.తో రెండేండ్లకు ఒప్పుకొని స్వదేశమునకు మరలెను. ఫిలాటోవ్ నడచిన త్రోవయే ఇదియని తలంచిన వారిని తప్పుపట్టలేము. మేమును ఆనాడు లెక్క వేసియుండినచో అట్లే వేసియుందుము.

ఒక సంగతి మాత్రము చెప్పవలెను. అతడు పోయినను డల్లాసువారి హక్కు పోలేదు. ఆ లీగునకు మరల వచ్చినయెడల వారియొద్దకే రావలెను. 2018 జూలైలో ఇరువదిమూడేండ్లవాడై వారియొద్దకే వచ్చెను.

అప్పుడు జరిగినది వింతగా నుండును. ఆ యేడు అతడు 57 ఆటలాడెను. ఒక్క గోలు లేదు. తప్పిదమునకు శిక్షగా ఒక్క నిమిషమైనను బయట కూర్చుండినదియు లేదు. చెడ్డగా ఆడెనని చెప్పుటకును లేదు, ఆడెనని చూపుటకును లేదు. ఇంతలో, 2019 ఏప్రిలులో, అతడు విడిచివచ్చిన సి.ఎస్.కె.ఎ. జట్టు ఓమ్స్క్ నగరపు జట్టును వరుసగా నాలుగాటలలో ఓడించి గగారిన్ పాత్రను మొట్టమొదటిసారి గెలుచుకొనెను. మరి రెండు నెలలకు డల్లాసువారు ఇతనికి మిగిలిన జీతములో కొంత భాగము చెల్లించి ఒడంబడిక రద్దు చేసికొనిరి. ఇంటనే యుండియున్న బాగుండెడిదని అతనికి తోచలేదని ఎవరు చెప్పగలరు?

ఆ ఆగస్టులో కొలరాడోవారు అతనిని 850,000 డాలర్లకు ఒక యేటికి తీసికొనిరి. డల్లాసువారిచ్చుచుండిన దానిలో అది మూడవ వంతునకు తక్కువ. కొలరాడోలో అతని విలువ గోలులచేతనే కట్టబడలేదు. ప్రతిపక్షముచేత బిళ్ల నూడబెరుకుట, వేగముగా వెనుకకు మరలి తన గోలును కాపాడుట, గోడయొద్ద పెనగులాడుటయు లెక్కకు వచ్చెను. ఈ పనులు చేయువానికి నిమిషములు దొరకును. నిమిషములు దొరకినవానికి గోలులును కొన్ని దొరకును. మొదటి యేటనే 13 గోలులు చేసెను. 2021–22 లో 62 ఆటలలో 25 చేసెను. 2022 జూన్ 26 న కొలరాడోవారు టాంపా నగరమున స్టాన్లీ పాత్రను గెలిచినపుడు, ఆ కడపటి పోటీలలో ఇతడు 20 ఆటలలో 9 గోలులు చేసియుండెను. ఆ జూలైలో కొలరాడోవారు ఎనిమిదేండ్లకు నాలుగు కోట్ల తొంబది లక్షల డాలర్లకు అతనితో ఒప్పందము చేసికొనిరి. తరువాతి దినములన్నియు సుఖముగా సాగలేదు. 2024 మే నెలలో లీగువారు తమ సహాయ ప్రణాళిక నియమములను బట్టి అతనిని కనీసము ఆరు మాసములు ఆటకు దూరముగా నుంచిరి. శరత్కాలాంతమున మరల ఆడెను.

మాస్కోలో గడపిన రెండేండ్లు ఇతనిని బాగుచేసెనా, లేక బాగుపడుట నాలస్యము చేసెనా యని మేము తర్కించుకొంటిమి. అచ్చట అతడు ఆడెను. ఇరువదియొక్క యేండ్లవానికి అది చిన్న సంగతి కాదు. కాని మరలివచ్చిన తోడనే గోలు లేని యేడు కలిగినదనుటయు నిజమే.

స్టాన్లీ పాత్రను గెలిచిన జట్టులో ప్రతి ఆటగాడును దానినొక దినము తన యొద్ద నుంచుకొను ఆచారము 1995 నుండి కలదు. పలువురు తమ పుట్టినయూరికి కొనిపోయి తల్లిదండ్రులకును, చిన్ననాటి శిక్షకులకును చూపుదురు. 1997 లో ఫెటిసోవ్, లారియోనోవ్, కోజ్లోవ్ అను మువ్వురు రష్యనులు దానిని మాస్కోకు తీసికొనిపోగా ఎర్ర చౌకమున జనులు దానిని కన్నులార జూచిరి. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తియుండుటచే, ఆ వేసవిలో పాత్రను రష్యాకు గాని బెలరూసుకు గాని పంపబోమని లీగువారు ప్రకటించిరి. గెలిచిన నిచుష్కిన్ దానిని చెల్యాబిన్స్కుకు కొనిపోలేకపోయెను.