అన్నపూర్ణ - డొక్కా సీతమ్మ

తెలుగునేలపై దాతలకు కొదవలేదు. చెరువులు త్రవ్వించినవారు, సత్రాలు కట్టించినవారు, అగ్రహారాలు ధారపోసినవారు శాసనాలలో కనిపిస్తారు. డొక్కా సీతమ్మగారు శాసనం వేయించలేదు, సత్రం కట్టించలేదు. ఆమె తన ఇంటి పొయ్యిని ఆరనీయలేదు. ఆ ఒక్క పనితోనే గోదావరి ప్రజల నాలుకలపై నిలిచారు.

సీతమ్మగారు 1841వ సంవత్సరంలో మండపేటలో జన్మించారు. తల్లి నరసమ్మ, తండ్రి అనుపిండి భవానీశంకరం. ఆకలితో వచ్చినవారికల్లా అన్నం పెట్టే ఆయనను ఊరివారు 'బువ్వన్న' అని పిలిచేవారట. తల్లి గతించడంతో చిన్నవయసులోనే ఇంటి బాధ్యత సీతమ్మపై పడింది. ఒకనాటి మిట్టమధ్యాహ్నం లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న పంతులుగారు ఆకలిగొని ఆ ఇంటికి వచ్చారనీ, ఆమె ఆదరణకు ముగ్ధులై తరువాత ఆమెనే వివాహమాడారనీ చెబుతారు. జోగన్నగారు వేదపండితులు, భూవసతి గలవారు.

లంకల గన్నవరం ఎక్కడ ఉన్నదో తెలియనిదే సీతమ్మగారి సేవ విలువ బోధపడదు. వసిష్ఠ గోదావరి నుండి వైనతేయ పాయ చీలే చోటికి చేరువలో ఉన్న ఊరది. ఆ కాలంలో కోనసీమలో ప్రయాణమంటే పడవ ప్రయాణమే. రేవు దాటడం ఆలస్యమైతే, గాలి ఎదురైతే, ఏరు పొంగితే బాటసారి ఎక్కడివాడక్కడ ఆగిపోవలసిందే. డబ్బిచ్చి భోజనం కొనుక్కొనే వసతి పల్లెలలో లేదు. మరొక వైపు, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల క్రింద పంటలు పెరిగాయి. కలిగిన ఇళ్ళలో గాదెలు నిండాయి. అంటే ఒకే సీమలో నిండిన గాదే ఉన్నది, రేవులో పస్తున్న బాటసారీ ఉన్నాడు. ఆ రెండింటినీ కలిపినది ఒక ఇల్లాలి చేయి.

ఈ అన్నదానం వెనుక ఏ సంఘమూ లేదు. భర్త పొలంలో పండిన ధాన్యం, ఇంటి మనుషుల శ్రమ - ఇవే మూలధనం. ఆనాడు అన్నం వండడమంటే వడ్లు దంచాలి, నీళ్ళు మోయాలి, కట్టెలు సమకూర్చుకోవాలి. వరద రోజులలో ఎండుకట్టె దొరకడమే గగనం. అతిథులు వేళ చూచుకొని రారు; అర్ధరాత్రి తలుపు తట్టినవారి కోసం మళ్ళీ ఎసరు పెట్టాలి. 'అన్నపూర్ణ' అని చేతులెత్తి మ్రొక్కేటప్పుడు ఈ చాకిరి మన కంటికి కనిపించదు.

మన కావ్యాలలోనూ ఇంతే. మనుచరిత్రలో అల్లసాని పెద్దన ప్రవరుని అతిథిపూజను కొనియాడుతూ, వేయిమంది వచ్చినా వండడానికి అలసిపోని అతని ఇల్లాలిని అన్నపూర్ణతో పోల్చాడు. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు మరికొంత దగ్గరగా చూచాడు. జడివాన రోజులలో విష్ణుచిత్తుని భార్య కన్నులలో పొగ చొరకుండా కొబ్బరి పొరియలతో వంట చేసిందన్నాడు. రాజై ఉండి వంటింటి పొగను గుర్తించడం గొప్ప విషయమే! అయినా ఆ వర్ణనలలో కీర్తి గృహస్థునిది. వండిన చేతులు అతని వైభవంలో ఒక భాగం. లంకల గన్నవరంలో మాత్రం జనం ఈ వరుసను తిరగవేశారు. వేదపండితుడైన జోగన్నగారు నేడు సీతమ్మగారి భర్తగానే లోకానికి తెలుసు.

ఆమెను గురించి రెండు కథలు ప్రసిద్ధంగా వినిపిస్తాయి. 1903లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంగా ఢిల్లీలో దర్బారు జరిగింది. దానికి ఆహ్వానం రాగా, తాను వెళితే ఇంటికి వచ్చినవారికి అన్నం పెట్టేదెవరని ఆమె నిరాకరించారనీ, ఆమె ఛాయాచిత్రాన్ని తీయించుకొని వెళ్ళి ఆసనంపై ఉంచారనీ అంటారు. రెండవ కథలో రాజులు లేరు. సీతమ్మగారు ఎంతోకాలంగా కోరుకొన్న అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారు. దారిలో విశ్రమించినప్పుడు ఒక పెళ్ళిబృందం వారి మాటలు చెవిని పడ్డాయి. ఆకలికి ఏడుస్తున్న పిల్లలను పెద్దలు, "కాస్త ఓర్చుకోండి, సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుంది" అని ఊరడిస్తున్నారు. ఆమె వెంటనే పల్లకిని వెనుకకు త్రిప్పించారు. వారు చేరేసరికి వంట సిద్ధమైంది.

మొదటి కథనే మనవారు ఎక్కువగా చెబుతారు. నాకు రెండవదే పెద్దదిగా తోస్తుంది. చక్రవర్తి పిలుపును కాదనడానికి ఆత్మాభిమానం చాలు. కోరి బయలుదేరిన దైవదర్శనాన్ని మానుకోవడానికి అది చాలదు. పైగా, ఆమె ఆగిందని ఆ పిల్లలకు తెలియను కూడా తెలియదు.

1909లో సీతమ్మగారు పరమపదించారు. గన్నవరం వద్ద వైనతేయపై నిర్మించిన కొత్త అక్విడక్టు 2000వ సంవత్సరంలో ప్రారంభమైంది. దానికి ఆమె పేరు పెట్టారు. ఒకప్పుడు బాటసారులు పడవ కోసం పడిగాపులు కాసిన ఆ పాయను నేడు వాహనాలు నిమిషాలలో దాటిపోతున్నాయి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులలోని మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. 2025 జనవరిలో దానిని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించింది. ఉదయం తొలి బస్సుకే ఊరు విడిచి వచ్చే విద్యార్థినీ విద్యార్థులకు ఇప్పుడు ఒంటిగంట గంటతో పాటు ఆమె పేరు మీద వడ్డించే అన్నం ఎదురుచూస్తుంది.