గ్యాలరీకి వెళ్లే ముందు

మాకవరపాలెం

బుజ్జమ్మా,

ఉత్తరం అందింది. హాస్టల్ తిండి సంగతి మీ అమ్మతో చెప్పాను, ఊరగాయ పంపుతోంది. ఆదివారం ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాలనుందనీ, అక్కడ ఏమీ అర్థం కాక తెల్లమొహం వెయ్యాలేమోననీ రాశావు. దానికే ఈ జవాబు.

మాదాపూర్ కావూరి హిల్స్‌లో ప్రభుత్వం వారి స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. మెట్రోలో మాదాపూర్ దాకా వెళ్లి ఆటో ఎక్కు. బంజారాహిల్స్‌లో 2002లో మొదలైన కళాకృతి అనే ప్రైవేటు గ్యాలరీ ఉంది. ఒక పూటకి ఒకటి చాలు. సాలార్‌జంగ్ మ్యూజియంలో వస్తువులు ఎప్పుడూ అక్కడే ఉంటాయి, ఈ గ్యాలరీల్లో ప్రదర్శనలు మారుతుంటాయి. ఒకటి దింపి ఇంకోటి తగిలించే రోజుల్లో వెళ్తే ఖాళీ గోడలే మిగులుతాయి. ముందే ఫోన్ చేసి ఏం నడుస్తోందో, ఆదివారం తీస్తారో లేదో కనుక్కో. ప్రైవేటు గ్యాలరీ అద్దాల తలుపు చూసి జంకకు. కొనేవాళ్లూ, చూసేవాళ్లూ అందులోంచే వెళ్తారు. భోంచేసి మరీ వెళ్లు, ఆకలితో బొమ్మ చూడలేం.

లోపలికెళ్లాక అన్నీ ఒకసారి చుట్టి, కాళ్లు వాటంతటవే ఆగిన రెండు మూడు బొమ్మల దగ్గరికి మళ్లీ రా. పక్కన అంటించిన చీటీ అప్పుడే చదవకు. అర్థమేంటన్న దిగులు పక్కన పెట్టి, దీన్నెలా చేశారా అని చూడు. ఈ ప్రశ్న నీకు కొత్త కాదు. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేచోట అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే లక్క ఆనించడం, రాపిడి వేడికి అది కరిగి కర్రకి పట్టెయ్యడం చూస్తూ నువ్వు అక్కణ్ణుంచి కదల్లేదు. రంగు పులమట్లేదు మావయ్యా, కరిగిస్తున్నారు అన్నావు. ఆ చూపు చాలమ్మా.

చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి ఎచింగ్ దొరికితే నీ అదృష్టం. 1940లో మెదక్ ప్రాంతం నిజాంపూర్‌లో పుట్టారు. మేకలు, చెట్లు, పల్లె మనుషులు ఆయన లోకం. ఎచింగంటే, లోహపు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీకి, యాసిడ్‌లో పెడతారు. గీకిన చోటే యాసిడ్ తినేస్తుంది. ఎంత సేపుంచితే గీత అంత లోతు, అంత నలుపు. ఆ గాళ్లలో సిరా నింపి, పైపైన తుడిచేసి, తడి కాగితం వేసి ప్రెస్సులో తిప్పుతారు. దగ్గరగా చూడు, బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి నొక్కుకుపోయిన గుర్తు ఉంటుంది. కింద పెన్సిల్‌తో 7/25 అని ఉంటే, ఇరవై ఐదు ప్రతుల్లో అది ఏడోది. ఇదంతా తెలిశాక మేక ఒంటి మీద వెంట్రుకని చూస్తే, ఆ చెయ్యి ఎంత నిబ్బరంగా కదిలిందో నీకే తడుతుంది. అర్థం అక్కణ్ణుంచే మొదలవుతుందని నా నమ్మకం.

తోట వైకుంఠం గారి బొమ్మల్లోని ఎర్రబొట్ల ఆడవాళ్లు కనిపిస్తే, తెలిసిన ముఖాలే కదా అని దాటెయ్యకు. ఎన్ని రంగులు వాడారో లెక్కపెట్టు, అంత నిండుదనం ఎంత కొద్ది రంగులతో తెచ్చారో తెలుస్తుంది. ఎక్కడైనా వీడియో ఆడుతుంటే మధ్యలో లేచి రాకు, మొదటికొచ్చేదాకా కూర్చో. ఏదీ ముట్టుకోకు, ఫోటో తియ్యాలంటే అడుగు.

చూసొచ్చి నాకు రాసేటప్పుడు, నచ్చనిది నచ్చలేదనే రాయి, కానీ ఎక్కడ నచ్చలేదో విడమరిచి రాయి. ప్రదర్శన తాలూకు కాగితం ఏదైనా ఇస్తే నాకో ప్రతి తీసుకో. ఊరగాయ సీసా కార్తీక్ తెస్తాడు, ఖాళీ సీసా వాడికే ఇచ్చి పంపు.

మీ మావయ్య